ముందడిగిన ప్రశ్న

తెలిసినదానిని తెలిసినట్లు చెప్పుట సులభము. బొత్తిగా తెలియనిదానిని తెలియదని చెప్పుటయు కష్టము కాదు. సగము తెలిసి, సగము తెలియని విషయమును గూర్చి ఎవరైన నడిగినప్పుడు మనము చెప్పు జవాబు ఎవరిది? మనదా, అడిగినవారిదా? ఈ ప్రశ్న వేదాంతులకే గాక, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబములకును సంబంధించినదే.

1948వ సంవత్సరమున అమెరికాలో ఒక అభిప్రాయసేకరణ జరిగినది. కమ్యూనిస్టు దేశముల విలేఖరులను తమ దేశమునకు రానిచ్చి, చూచినది చూచినట్లు వ్రాసికొననీయవచ్చునా యని ముందుగా నడుగగా నూటికి సుమారు 37 మంది సమ్మతించిరి. అమెరికా విలేఖరులను ఆ దేశములు రానీయవలెనా యని మొదట అడిగి, పిమ్మట ఆ ప్రశ్ననే వేయగా 73 మంది సమ్మతించిరి. ప్రశ్నలో అక్షరము మారలేదు. వరుస మాత్రమే మారినది. తమకు కోరినదానిని ఎదుటివారికి కాదనుట న్యాయము కాదని రెండవ వరుసలోనివారికి తోచినది.

వీరిలో నెవ్వరును అబద్ధమాడినవారు కారు. నిశ్చయముగా తెలిసినదానిని ప్రశ్నల వరుస కదల్పజాలదు. మీకెందరు బిడ్డలని ఎప్పుడడిగినను తల్లి చెప్పు జవాబొక్కటే. మనస్సు స్థిరపడని చోటనే ముందటి మాట పనిచేయును. నేల తడిగా నున్నప్పుడే గదా బండిచక్రపు జాడ పడుట!

మన యిండ్లలో భాషావిషయము అట్టి తడినేల. అవ్వతో తెలుగు, బడిలో తమిళము, హోసూరు సంతలో కన్నడము. ఇట్లు పెరిగిన బిడ్డను నీ భాష యేదని అడిగినచో ఒక క్షణము తడబడుట సహజము. 2011 జనగణన పత్రములో మాతృభాష పదవ ప్రశ్న; తెలిసిన యితర భాషలు పదునొకండవది. శైశవమున తల్లి తనతో మాటలాడిన భాషయే మాతృభాషయని అందు నిర్వచింపబడినది. ఇంటిలోని వారందరి భాషయు ఒక్కటే యని యెంచక ఒక్కొక్కరి విషయమును విడివిడిగా అడుగవలెననియు గణకులకు సూచన కలదు. ఆ వరుస వివేకముతో గూడినది. అట్లుగాక, వాకిట నిలిచినవారు “తమిళము బాగుగ వచ్చును గదా?” యని మొదలుపెట్టి, పిమ్మట మాతృభాష నడిగినచో, తడబడుచున్నవాని జవాబు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

ఇది స్వల్పవిషయము కాదు. అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు మాతృభాషలో ప్రాథమికవిద్య కొరకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఎందరున్నారను లెక్క లేనిదే అట్టి కోరికకు బలము చాలదు.

అయినచో ఈ వరుసను మన లాభమునకే త్రిప్పుకొనరాదా యని కొందరడుగవచ్చును. ఒక సంఘమువారు ఇంటింటికి పోయి, “మన భాష నశించుట మీకిష్టమా?” యని మొదట అడిగి, “మీ బిడ్డను తెలుగు తరగతిలో చేర్పింతురా?” యని పిమ్మట అడిగిరనుకొందము. మొదటిదానికి కాదన్నవారు రెండవదానికి ఔననక తప్పదు. కాగితముపై పేర్లు నిండును. జూన్ మాసమున బల్లలు ఖాళీగా నుండును. ఆ ఔనులు ఇచ్చినవారివి కావు, మొగమాటముచే రాబట్టబడినవి. ఇతరులు చేసినచో మనము అన్యాయమనుదానిని మనవారు చేసినచో నేర్పు అనరాదు.

కావున ధర్మము ఇరువురియందును గలదని మా తలంపు. అడుగువాడు జవాబును ముందుగానే పెదవుల కందింపక, “నిశ్చయముగా చెప్పలేను” అను మాటకును పత్రములో చోటుంచి, దానిని గౌరవింపవలెను. చెప్పువాడు ఇతరులు వచ్చి అడుగుటకు ముందే తన్ను తానడుగుకొనవలెను. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా ప్రకటించిన జనగణనకు మన యిండ్లవారు సిద్ధపడవలసినది ఈ విధముననే. పిల్లలకు జవాబు కంఠస్థము చేయించుట సిద్ధపడుట కాదు. వారి అవ్వ వారిని ఏ మాటలతో జోకొట్టి నిద్రపుచ్చినదో జ్ఞాపకము చేసిన చాలును. జవాబు వారే చెప్పగలరు.