కాపలా వేరు, గౌరవం వేరు

అరబ్బు దేశాల స్త్రీల ప్రసక్తి వచ్చినప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా వినబడేవి రెండే మాటలు. “పాపం, ముసుగులో మగ్గిపోతారు” అన్నది మొదటిది. “ఆడపిల్ల వైపు కన్నెత్తి చూడనివ్వరు, అదీ కట్టుబాటంటే” అన్నది రెండవది. ఒకదానిలో జాలి ఉంది, మరొకదానిలో మెప్పు ఉంది. ఆ స్త్రీ ఏమంటుందో మాత్రం రెండింటిలోనూ లేదు.

అరబ్బు సమాజమంతా ఒక్కటే అనుకోవడమూ పొరపాటే. ట్యునీషియా 1956లోనే చట్టం చేసి బహుభార్యాత్వాన్ని నిషేధించింది. సౌదీ అరేబియాలోనైతే 2018 జూన్ వరకు స్త్రీ కారు నడపడానికి వీలులేదు. 1990 నవంబరులో రియాద్ వీధుల్లో 47 మంది స్త్రీలు కార్లు నడిపినందుకు పాస్‌పోర్టులు పోగొట్టుకున్నారు, కొందరికి ఉద్యోగాలూ పోయాయి. రెండు దేశాలదీ ఒకే మతం. కనుక అంతా మతంమీదికి నెట్టి చేతులు దులుపుకోలేము. లెబనానులోని మరోనైటు కతోలిక స్త్రీలనే చూడండి. పరదేశీయుని పెండ్లాడిన లెబనాను స్త్రీ, ఏ మతస్థురాలైనా సరే, తన బిడ్డలకు తన పౌరసత్వం ఇవ్వలేదు. పురుషుడు ఇవ్వగలడు. ఆ చట్టం 1925 నాటిది.

ఇక మన పెద్దలు మెచ్చుకునే ఆ “కట్టుబాటు” దగ్గరికి వద్దాం. స్త్రీకి తండ్రో, భర్తో, అన్నో సంరక్షకుడుగా ఉండాలన్నది అక్కడి పాత ఆచారం. సౌదీలో 2019 ఆగస్టు వరకు స్త్రీ ఎంత పెద్దదైనా, ఎంత చదివినా, పాస్‌పోర్టు కావాలంటే సంరక్షకుని అనుమతి తప్పనిసరి. పెండ్లికి ఈనాటికీ సంరక్షకుడు కావాలి. ఇదంతా ఆమె గౌరవం కొరకే అంటారు.

ఎవరి గౌరవం? జోర్డాను శిక్షాస్మృతిలో 308వ అధికరణం ఉండేది. స్త్రీని చెరచినవాడు ఆమెనే పెండ్లాడితే శిక్ష తప్పించుకునేవాడు. కుటుంబం పరువు దక్కేది, నేరస్థునికి భార్య దక్కేది. ఆమెకు మాత్రం ఆ మనిషితోనే జీవితాంతం కాపురం. ఆమెను కాపాడటమే ఉద్దేశమైతే ఇటువంటి చట్టం ఎలా పుడుతుంది? అక్కడి స్త్రీలే ఏళ్ళ తరబడి పోరాడగా 2017లో దానిని రద్దు చేశారు. అదే ఏడు ట్యునీషియా, లెబనాను కూడా అటువంటి అధికరణాలను తొలగించాయి. ఇది విని మనం ముక్కున వేలేసుకోనక్కరలేదు. మన పల్లెల్లో పెద్దమనుషులు కూర్చుని, “జరిగిందేదో జరిగింది, వాడికే ముడిపెట్టండి” అని తీర్పు చెప్పిన సంగతులు ఎరుగని వారెవరు?

మరో విషయం. అక్కడి వివాహంలో వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి. ధర్మశాస్త్రం ప్రకారం అది ఆమె సొంత ఆస్తి. మన దగ్గర కట్నం అటునుండి ఇటు నడుస్తుంది. 1961లో నిషేధ చట్టం వచ్చినా, గుడిలో వివాహ ప్రకటనలు చదవకముందే బేరం ముగిసిపోతుంది. జాలిపడే ముందు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి కదా!

మనకు అరబ్బు ఇల్లు మరీ దూరమూ కాదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుండి, గోదావరి జిల్లాలనుండి ఎందరో తల్లులు కువైటుకు ఇంటిపనికి వెళ్ళారు. ఆ ఇంటి యజమానురాలికి 2005 వరకు ఓటు లేదు. 1999లో రాజు ఇచ్చిన ఆజ్ఞను పార్లమెంటు 41–21 ఓట్లతో తోసిపుచ్చింది. అటువంటి ఇల్లాలి వంటగదిలోనే, ఆమెకన్నా నిస్సహాయురాలైన మన తెలుగు స్త్రీ. ఈమె ఆ దేశంలో ఉండటమే యజమాని పూచీమీద. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంచుకోరాదనీ, వారానికొక రోజు సెలవివ్వాలనీ కువైటు 2015లో చట్టం చేసింది. అయినా పాస్‌పోర్టు “భద్రంగా ఉంటుంది” అంటూ తీసుకునేవారు ఇంకా ఉన్నారు. భద్రమైన మాట నిజమే. ఇంటికి పోవాలనుకున్న రోజున ఆమె దానిని అడిగి తీసుకోవాలి.

ఆమె పంపిన దినార్లతో ఇక్కడ మేడ లేస్తుంది. ఆ ఇంటి దస్తావేజు ఎవరి పేరున వ్రాయించారో, అటువంటి తల్లి మీ విచారణలో ఉంటే, ఒకసారి అడిగి చూడండి.