లేదని చెప్పడానికీ అర్హత ఉండాలి

2017లో విశాఖపట్నంలో, కట్టుబడి సాగుతున్న ఒక భవనంలో తీసిన వీడియో దేశాలు దాటిపోయింది. తెల్లటి నూగు, పొడుగాటి కాళ్లు, నల్లటి కళ్లతో వింత ప్రాణులు నిటారుగా నిలబడి కెమెరాకేసి చూస్తున్నాయి. గ్రహాంతరవాసులంటూ సోషల్ మీడియా హోరెత్తింది. తీరా చూస్తే అవి ఈకలు ఇంకా రాని గుడ్లగూబ పిల్లలు.

ముత్యపుచిప్పను చూసి వెండి అనుకున్నవాడు కూడా మెరుపును సరిగ్గానే చూశాడంటారు న్యాయదర్శనం అనుసరించే నైయాయికులు. ఆ మెరుపుకి మరెక్కడో చూసిన వెండిని అంటగట్టడంలోనే ఉంది పొరపాటు. విశాఖ వీడియో విషయంలో ఆ వెండిని సినిమాలు ముందే సిద్ధం చేసి పెట్టాయి.

అసలు చిక్కు కనిపించని వాటితోనే. మీమాంసకుడు కుమారిలభట్టు అనుయాయులూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనిపించకపోవడాన్ని, విడి ప్రమాణంగా ఒప్పుకున్నారు. గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదని తెలుస్తుంది. కానీ ఒక షరతు: ఉంటే కనిపించి తీరే పరిస్థితి ఉండాలి. చీకటిగదిలో తడుముకుని కుండ లేదంటే చెల్లదు.

కలివికోడి కథంతా ఈ షరతులోనే ఉంది. 1848లో శాస్త్రానికెక్కిన ఈ పక్షి 1900 తరువాత ఎవరి నివేదికలోనూ కనిపించలేదు. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున గాలిస్తున్న భరత్ భూషణ్ అది కలివికోడే అని నిర్ధారించారు. అది రాత్రి తిరిగే పక్షి. పొదలమధ్య దాక్కునే దాన్ని పగలు వెతికి లేదనడం చీకట్లో కుండను వెతకడమే!

ఈ కథను ‘ఎనభై ఆరేళ్ల తరువాత ప్రత్యక్షం’ అని చెప్పుకోవడం మనకు అలవాటు. ఎవరికి ప్రత్యక్షం? ఆ చుట్టుపక్కల దానికో పేరుంది, దాని తిరుగుడు తెలిసినవాళ్లున్నారు. ఆప్తవాక్యం గురించి రాస్తూ న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు, ఆప్తుడి లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనన్నాడు. విషయం ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఎవరైనా ఆప్తుడే. మన వార్తల్లో మాత్రం శాస్త్రవేత్త మాట ‘వెల్లడి’, వేటగాడి మాట ‘పుకారు’. పూర్వులు ఈపాటి విశాలంగా ఆలోచించారని చదివితే కాస్త సిగ్గేస్తుంది.

విశాఖ శివారు మధురవాడ విలేకరికి ఈ తర్కం దూరపు సంగతి కాదు. అపార్ట్‌మెంట్లు కంబాలకొండ అడవి అంచుదాకా వచ్చేశాయి, ఆ అడవిలో చిరుతలున్నాయి. ‘చిరుత కనిపించింది’, ‘అంతా వట్టిదే’ అన్న రెండు శీర్షికల్లో రెండోదానికి సాక్ష్యం ఎవరూ అడగరు. పాదముద్రలు చూశారా, కెమెరాలు పెట్టారా, పెడితే ఎన్ని రాత్రులు, ఏ దారిలో? అవి లేని ఖండన కూడా పుకారే.

కలివికోడి కోసం లంకమల ప్రాంతంలో పరిశోధకులు పొదలమధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుజాడలు వెతికారు. జాడ పడని పట్టీలనూ రాసుకున్నారు. వార్తలో ఆ ఖాళీ పట్టీలకూ చోటుండాలి, ఎందుకంటే ‘లేదు’ అన్న మాట మీద నేల చేతులు మారుతుంది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి ఆవాసంలోకి వచ్చింది. అక్కడ ఆ పక్షి ఉందని నమోదై ఉండబట్టే అభ్యంతరాలు నిలిచాయి, కాలువ దారి మార్చాల్సి వచ్చింది.