ప్రయాణమునకు సర్దిన సంచి

ధ్యాన భాగములు: 1 సమూయేలు 2:18-21, లూకా 22:35-36

హన్నా తన కుమారుని షిలోహులోని మందిరమున విడిచి ఇల్లు చేరిన తరువాత ఏమి చేసెనో గ్రంథము ఒక్క మాటలో చెప్పి ఊరకున్నది. ఏడాదికొకసారి పెనిమిటితో కలిసి అక్కడికి పోవునప్పుడు, బాలునికై కుట్టిన చిన్న అంగీ ఆమె మూటలో ఉండెడిది. ఆ మాట వెనుక ఎంత ఆలోచన కలదో బిడ్డలను పెంచిన తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. బాలుడు కన్నుల యెదుట లేడు. నిరుడు చూచినప్పుడు అతని తల తన నడుము దాటెనో లేదో జ్ఞాపకము చేసికొనవలెను. ఈ యేడు ఎంత ఎదిగియుండునో ఊహింపవలెను. మరుసటి సంవత్సరము వరకు చాలునట్లు కుట్టవలెను. కన్నీటితో అడిగి కుమారుని పొందినది ఆమెయే. అతనిని దేవునికి అప్పగించినదియు ఆమెయే. అయినను, ఇక అంతయు దేవుడే చూచుకొనునని ఆమె సూదిని పక్కన పెట్టలేదు.

వేసవి సెలవులు వచ్చినప్పుడు ఈ అంగీని తలంచుకొనుట మంచిది. పడమటి బెంగాలులోని ఖరగ్‌పూరులో రైల్వే కొలువును ఆశ్రయించి తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. అట్టి ఒక యింట, మే నెల సాయంకాలమున, ఒక తల్లి గోపాల్‌పూరు సముద్రతీరమునకు ప్రయాణము సర్దుచున్నదని తలంచుడి. ఏడేండ్ల కుమార్తె, నాలుగేండ్ల కుమారుడు, పదకొండు నెలల పసిబిడ్డ. ఒడిశాలోని బరంపురము వరకు రాత్రి రైలు, సుమారు 490 కిలోమీటర్లు. అక్కడినుండి తీరమునకు మరి 16. ఉండబోవునది అయిదు దినములు.

మంచము మీద స్థలము లేదు. పలుచని నూలు గౌనులు, చొక్కాలు. అంచు వెడల్పుగా నున్న టోపీలు. పసిబిడ్డ గోచీగుడ్డలు, దోమతెర. మూత గట్టిగ పట్టు నీళ్ల సీసాలు. జ్వరము చూచు థర్మామీటరు, డాక్టరు చెప్పిన జ్వరపు మందు, టీకాల కార్డు. రైలులో తినుటకు పులిహోర. పెరుగన్నము పిల్లలకు ఇష్టమే గాని ఈ వేడిలో తెల్లవారు సరికి పులియునని ఆమె మానుకొన్నది. వీటన్నిటికి పైన ఓఆర్ఎస్ పొట్లములు ఒక సంచిలో నిండుగ ఉన్నవి.

గుమ్మములో నిలిచిన పెనిమిటి నవ్వెను. "ఇన్ని మూటలెందుకే? దేవుడున్నాడు కదా!"

"ఉన్నాడండీ. ఆ రాత్రి కూడా ఉన్నాడు," అని ఆమె తలయెత్తకయే పలికినది. అతని నవ్వు ఆగిపోయెను.

రెండేండ్ల క్రిందట ఇదే మార్గమున, ఇదే నెలలో, అప్పుడు రెండేండ్లవాడైన కుమారునికి అర్ధరాత్రి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. తెల్లవారక మునుపే బాలుని కన్నులు లోతుకు పోయెను. ఏడ్చినను కన్నీరు రాలేదు. పెద్ద స్టేషనులో వైద్యుడు వచ్చి చూచువరకు ఆమె వాని నాలుకను తడిగుడ్డతో తుడుచుచు కూర్చుండెను. బిడ్డ బ్రతికెను. అయితే ఆనాడు ఆమె సంచిలో ఒక్క పొట్లమైనను లేదు. ఆ ఒక్క రాత్రి ఆమె సంచిని రెండు సంచులు చేసెను.

దేవునియందు నమ్మిక గలవారు ఇట్లు సర్దుకొనవచ్చునా అను ప్రశ్న సంఘములలో అప్పుడప్పుడు వినవచ్చును. సర్దుపని తమది కానివారే దీనిని ఎక్కువగా అడుగుదురు. ప్రభువు శిష్యులను మొదట పంపినప్పుడు సంచిని, జాలెను వెంట తీసికొనవద్దనెను. వారికేమియు తక్కువ కాలేదు. అయితే సిలువకు ముందటి రాత్రి ఆయన ఆ సంగతిని వారికి జ్ఞాపకము చేసి, వారినోటనే ఏమియు తక్కువ కాలేదని ఒప్పించి, పిమ్మట ఇప్పుడైతే సంచి గలవాడు దానిని తీసికొనవలెనని, జాలెను కూడ విడువవద్దని చెప్పెను. మొదటి మాటను చెప్పినవాడే రెండవ మాటయు చెప్పెను. సంచి లేకుండ పోవుట ఒక కాలమున విధేయత, సంచి పట్టుకొని పోవుట మరియొక కాలమున విధేయత. మొదటి ఆజ్ఞను మాత్రమే పట్టుకొని ఇంటి ఇల్లాలిని గద్దించువాడు లేఖనమును సగమే చదివినవాడు.

ఓఆర్ఎస్ పొట్లముల సంగతియు ఇక్కడ చెప్పదగినదే, ఏలయనగా దాని చరిత్రలో ఒక అధ్యాయము ఆ బెంగాలు నేలమీదనే జరిగెను. 1971లో తూర్పు బెంగాలు నుండి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరములలో కలరా వ్యాపించెను. నరములలోనికి ఎక్కించు సెలైను చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన పొట్లములను కలకత్తాలో సిద్ధము చేయించి తెప్పించి, నీటిలో కలిపి రోగులచేత త్రాగించెను. గిన్నె పట్టుకొని గుక్క గుక్కగా త్రాగించినవారిలో రోగుల తల్లులు, బంధువులే ఎక్కువ. నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగు లోపునకు దిగెను. పొట్లము మీద ఎంత నీరు వ్రాయబడియుండునో అంతే నీటిలో, కాచి చల్లార్చిన నీటిలో, పొట్లమంతయు కలుపవలెను. పెద్ద పొట్లము ఒక లీటరునకు, చిన్నవి 200 మిల్లీలీటర్లకు. కలిపినది ఒక దినము దాటిన పారబోయవలెను. ఆ వైద్యుడు 2022లో కన్నుమూసెను. ఆ రాత్రి రైలులో తడిగుడ్డతో కూర్చున్న తల్లి ఇప్పుడు పొట్లములు సర్దుకొనుచున్నదంటే దానిని అవిశ్వాసమని ఎవరు అనగలరు? సామెతల గ్రంథములోని గుణవతియు మంచు కాలమునకు భయపడలేదు. ఇంటివారి వస్త్రములు ముందే సిద్ధముగ నుండినందుననే భయపడలేదు.

అయినను రెండవ సంచి మాట మిగిలియున్నది. అది మొదటిదానివంటిది కాదు. ఆమె అత్తగారు పసిబిడ్డను ఒడిలో నిద్రపుచ్చుచు మంచము అంచున కూర్చుండి, ఒక్కొక్క వస్తువును చూపి, "ఇదెవరికమ్మా?" అని అడుగసాగెను. మేలో ఉన్ని దుప్పటి. ఎప్పటిదో దగ్గు మందు. ఒక్కొక్క బిడ్డకు పదేసి జతలు. మొదట ఆమె జవాబు చెప్పినది. తరువాత తడబడినది. పిమ్మట మంచము మీద కూలబడి ఏడ్చినది. రెండేండ్లుగా ఏ ప్రయాణమునకు ముందు రాత్రియు ఆమె నిద్రపోలేదని ఇంటిలో ఎవరికిని తెలియదు.

పండ్రెండేండ్ల యేసును వెంటబెట్టుకొని పండుగకు వెళ్లిన మరియ యోసేపులు తిరుగు ప్రయాణమున ఒక దినపు నడక సాగిన పిమ్మట గాని బాలుడు గుంపులో లేడని ఎరుగలేదు. వారు అజాగ్రత్తపరులని లూకా నిందింపలేదు. ప్రయాణమునకు కావలసినవన్నియు వారు సర్దియే యుందురు. ఎంత సర్దినను తల్లి చేతికి చిక్కని భాగము ఒకటి ప్రతి ప్రయాణములోను కలదు. ఆ భాగమున బాలుడు తన తండ్రి యింట క్షేమముగ ఉండెను. ఉన్ని దుప్పట్లు ఎన్ని పేర్చినను ఆ భాగమును కప్పజాలవు.

"మిగిలినదానికి ప్రార్థన చేద్దాము," అని అత్తగారు అనలేదు. ఆ మాట తరువాత వచ్చినది. ముందుగా కుమారుని పిలిచి, "ఈ సంచిలోని మందులు ఎట్లు కలుపవలెనో నీవు కూడ నేర్చుకో. రాత్రి సగము నీవు మేలుకో," అనెను. హన్నా కుట్టిన అంగీని షిలోహు వరకు ఎల్కానా మోసెనో లేదో గ్రంథము చెప్పదు గాని, అతడు ఆమెతో కూడ నడిచెనని మాత్రము చెప్పుచున్నది. సముద్రమున పిల్లల చేయి ఎవరు పట్టుకొనవలెనో, కెరటములు లోనికి లాగు తావున దిగరాదని, ఎండ మండు పగటివేళ నీడను విడువరాదని, అవన్నియు ఆ రాత్రియే భార్యాభర్తలు పంచుకొనిరి. పెద్దపిల్ల తన టోపీని, తన నీళ్ల సీసాను తానే పెట్టుకొన్నది. తల్లి తనకై ఒక్క పాత చీర మాత్రము మడిచెనని చూచినది కూడ ఆ పిల్లయే. అలమారలోనుండి నీలిరంగు చీరను తెచ్చి పైన పెట్టినది.

ప్రార్థన అయిన తరువాత రెండవ సంచి ఖాళీగా అటక మీదికి వెళ్లినది. ఓఆర్ఎస్ పొట్లములను మాత్రము ఎవరును తీయలేదు.