చేబ్రోలు రాయి వయసెంత?

చేబ్రోలు వీడియోకి స్క్రిప్ట్ రాసింది నేనే. మొదటి డ్రాఫ్ట్‌లో ఒక లైన్ ఉండేది: "ఈ గుడి 5,000 ఏళ్ళ నాటిదని కార్బన్ డేటింగ్‌లో తేలింది." వాట్సాప్ ఫార్వర్డ్‌లోంచి ఎత్తి పెట్టేశాను. ఆఫీసులో టెస్ట్ చేయకుండా ఒక్క లైన్ కోడ్ కూడా వదలను. దేవుడి విషయానికొచ్చేసరికి ఏ చెకింగూ లేదు!

అదే మాట ఫోన్లో నాయనమ్మకి చెప్పాను. ఆవిడ మర్నాటికల్లా గుంటూరులో చుట్టాలందరికీ చెప్పేసింది, "మావాడు ఇంజినీరు, వాడే చెప్పాడు" అని. అక్కడ భయం వేసింది నాకు. ఆవిడ నమ్మింది ఫార్వర్డ్‌ని కాదు, నన్ను.

అసలు కార్బన్ డేటింగ్ రాతి గుడికి పనికిరాదు. ప్రాణమున్నదేదైనా బతికున్నంతకాలం కార్బన్-14ని తీసుకుంటూ ఉంటుంది. చచ్చాక అది తరుగుతూ పోతుంది, సుమారు 5,730 ఏళ్ళకి సగం. కాబట్టి పునాది కింద దొరికిన బొగ్గుకో, గింజకో వయసు కట్టొచ్చు. రాయి వయసు ఇంకోలా తేల్చినా అది కొండ వయసు అవుతుంది గానీ, ఉలి పెట్టిన రోజు కాదు.

మరి చేబ్రోలుకి నిజంగా ఏముంది? భీమేశ్వరాలయం దగ్గర దొరికిన శాసనం ఉంది. 2019 చివర్లో పురావస్తు శాఖ శాసన విభాగం దాని సంగతి బయటపెట్టింది. శాసనాల మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు. అక్షరాల తీరు, భాష, రాజు పేరు, పాలనా సంవత్సరం అన్నీ ఒకదానితో ఒకటి సరిచూస్తారు. ఇది బ్రాహ్మీ లిపి, సంస్కృత భాష. శాతవాహన రాజు విజయుడి ఐదో ఏడు, అంటే క్రీ.శ. 207. భగవతి శక్తిమాతృక గుడి దగ్గర కార్తీక అనే ఆయన ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహాలు పెట్టించాడట. ఊరి పేరు తాంబ్రాపె. అదే మన చేబ్రోలు! దక్షిణాదిలో కాలం తెలిసిన సంస్కృత శాసనాల్లో ఇప్పటివరకు ఇదే పాతదని ఆ విభాగం చెప్పింది.

నాకు ఒళ్ళు పులకరించిన సంగతి ఇంకోటి. మత్స్యపురాణం విజయుడికి ఆరేళ్ళ పాలన చెప్పింది. రాయి ఐదో ఏడు అంటోంది. సరిపోయింది కదా! కానీ ఇలా కలిసొచ్చినప్పుడు మాత్రం సైన్సుకి జై కొట్టి, ఆధారం 1,800 ఏళ్ళ దగ్గర ఆగితే "వాళ్ళకేం తెలుసు" అనేస్తే అది భక్తేనా? సత్యనారాయణ వ్రతం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. దేవుడి గొప్ప కోసమైతే అబద్ధం పర్లేదనుకున్నానంటే, ఆయనకి నా అబద్ధం ఆసరా కావాలని అనుకున్నట్టేగా. అదే ఊళ్ళో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది, వయసు రెండొందల ఏళ్ళ పైమాట, అంతే. అక్కడ దణ్ణం పెట్టుకునేటప్పుడు ఎవరమూ వయసు అడగం.

లైన్ తీసేశాను. నాయనమ్మకి ఫోన్ చేసి, తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. చుట్టాలకి మళ్ళీ చెప్పుకోవాలంటే ఆవిడకి నామోషీ, కాసేపు తిట్టింది. తర్వాత నెమ్మదిగా, "ఆ కార్తీక ఎవరి తాలూకురా? మన వైపు వాడేనా?" అంది.