కలిపిన పాటకు పేరెవరు పెట్టారు?

వొక పాటలోని గొంతును మరో పాట వాద్యం మీద కూర్చి మూడో పాట తయారుచేయడాన్ని యీనాడు 'మాషప్' అంటున్నారు. కంప్యూటరూ ఇంటర్నెట్టూ సామాన్యుడి యింటికి చేరిన తర్వాత, 2000 దరిదాపుల్లో, ఇంగ్లండు అమెరికాల్లో యిది విస్తరించింది. స్టూడియో అక్కరలేదు, వాద్యబృందం అక్కరలేదు. 2001లో ఫ్రీలాన్స్ హెల్‌రైజర్ అనే మారుపేరు గల ఆంగ్లేయుడు స్ట్రోక్స్ అనే రాక్ బృందం వాద్యానికి క్రిస్టినా అగిలేరా గొంతును జతచేశాడు. 2004లో డేంజర్ మౌస్ అనే అమెరికన్ బీటిల్స్ వారి 'వైట్ ఆల్బమ్'నూ జే-జీ 'బ్లాక్ ఆల్బమ్'నూ కలిపి, తెలుపూ నలుపూ కలిస్తే వచ్చే బూడిదరంగు పేరే దానికి పెట్టాడు. బీటిల్స్ రికార్డుల హక్కుదారయిన ఈఎంఐ కంపెనీ వెంటనే నోటీసులు పంపింది. ఆ ఫిబ్రవరి 24న శ్రోతలు నిరసనగా ఆ పాటల్ని ఇంటర్నెట్టులో వూరికే పంచిపెట్టారు.

యీ కథలో నన్ను ఆకర్షించింది సంగీతం కాదు, దానికి పెట్టిన పేర్లు. మాషప్ అనే మాట స్థిరపడకముందు దీన్ని 'బూట్‌లెగ్' అన్నారు. అది దొంగసారాకు వాడే మాట. 'బాస్టర్డ్ పాప్' అని కూడా అన్నారు, అంటే అక్రమ సంతానమైన పాట. మొదటిది ఆబ్కారీ శాఖ భాష, రెండోది వారసత్వ చట్టం భాష. రెండూ ఆస్తి నుంచి పుట్టినవే. తండ్రి ఎవరన్న ప్రశ్నకు అంత ప్రాముఖ్యం ఆస్తి సంక్రమించే సమాజంలోనే వస్తుందని ఎంగెల్స్ 1884లోనే వివరించాడు. మనకూ యిటువంటి మాట లేకపోలేదు. కురుక్షేత్రంలో అర్జునుణ్ణి భయపెట్టిన వాటిలో వర్ణసంకరం వొకటి. కాని విచిత్రం చూడండి: తండ్రి లేని పాటలని తిట్టిన యీ పాటలకు తల్లిదండ్రులెవరో లోకానికంతటికీ తెలుసు. తెలుసు గనుకనే వకీలు నోటీసు వచ్చింది.

మా పల్నాడులో సంగతి దీనికి తలకిందులు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల దగ్గర డీజే పెట్టెలు మోగుతాయి. నాట్లపాట పల్లవి సినిమా దరువు మీద వస్తుంది. అది ముగియకముందే మరొకటి దాని మీద ఎక్కుతుంది. నరసరావుపేట కుర్రవాళ్లకు అందులో సంకరమేదీ కనిపించదు, కనిపించవలసిన అవసరమూ లేదు. అయితే ఆ పల్లవి ఎవరిదని అడగండి. "జానపదం సార్" అంటారు. చాలా గౌరవంగా అంటారు. ఆ గౌరవం కిందనే దోపిడీ దాగివుంది. 'జానపదం' అన్న మాటకు వ్యవహారంలో అర్థం కర్త లేడనే. కర్త లేడు గనుక అడిగేవాడు లేడు. దాన్ని కొత్తగా రికార్డు చేసిన కంపెనీకి మాత్రం 1957 నాటి కాపీరైటు చట్టం ఆ రికార్డు మీద అరవై యేళ్ల హక్కు యిస్తుంది. సంపన్నుల పాటలు కలిస్తే అక్రమ సంతానం, పేదల పాటలు కలిస్తే అనాథ సంతానం.

2021లో 'లవ్‌స్టోరీ' చిత్రంలోని 'సారంగదరియా' పాట మీద వచ్చిన వివాదం యిదే. పాట సుద్దాల అశోక్‌తేజ పేర వచ్చింది. పల్లవి పల్లెల నుంచి వచ్చిందే. అంతకుముందు దాన్ని టెలివిజన్‌లో పాడిన కోమలి తన మాటేమిటని అడిగింది. జనం పల్లవి మీద చరణాలు అల్లడం కవికి తప్పు కాదు. అది మన సంప్రదాయమే. అడగవలసిన ప్రశ్న వేరు: ఆ పల్లవిని యింతకాలం బతికించిన స్త్రీలకు ఏ చీటీ మీద చోటుంది?

సినిమావారిని అని వూరుకుంటే సరిపోదు. పన్నెండో శతాబ్దపు కారెంపూడి యుద్ధాన్ని వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. పదిహేనో శతాబ్దానికి చెందిన శ్రీనాథుడి పేర దాని ద్విపద వుంది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చువేశారు. మేం ఎం.ఏ.లో చదివిందీ, యిప్పుడు చెబుతున్నదీ అదే. 1970లలో జీన్ రోఘేర్ అనే అమెరికన్ వచ్చి అలిసెట్టి గాలెయ్య నోట కథ విని, 1982లో పుస్తకంగా వెలువరించి, పాడినవాడు గాలెయ్య అని చెప్పాడు. శ్రీనాథుడు తెలియని విద్యార్థి నా తరగతిలో లేడు. గాలెయ్య పేరు విన్నవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

మన ఉద్యమం మాట? జంగం కథను బుర్రకథగా సానబట్టి, పల్నాటి యుద్ధాన్ని ప్రజల మధ్యకు తెచ్చిన నాజర్ ప్రతిభ సామాన్యం కాదు. కాని మన పాటల పుస్తకాల్లో 'ప్రజల బాణీ' అని రాసి తృప్తిపడ్డ సందర్భాలు తక్కువ కావు. ప్రజలంటే ఎవరు? ఏ వూరు? ఏ పేట?

యిక్కడ వొక విద్యార్థి నాకు గట్టిగానే అడ్డుతగిలాడు. "పాట మీద యాజమాన్యమే వద్దంటున్నాం కదా, మళ్లీ పేరెందుకు సార్? పేరుకూడా సొంత ఆస్తే కదా?" తేలిగ్గా కొట్టివేయదగిన ప్రశ్న కాదిది. అనామకత్వంలో వొక సమష్టి సౌందర్యం వుందని నేనూ వొప్పుకుంటాను. కాని ఆ అనామకత్వం అందరూ ఎంచుకున్నదై వుండాలి. వొకడి పేరు అట్ట మీదా, మరొకడిది ఎక్కడా లేకుండా వుంటే దాన్ని సమష్టి అనలేం. పేరునూ ఆస్తినీ విడదీయవచ్చునని ధనస్వామ్య చట్టమే వొప్పుకుంది: రచయిత తన హక్కులన్నీ అమ్ముకున్నా, రచన నాదని చెప్పుకునే హక్కు యాభైయేడో సెక్షను కింద అతనికి మిగులుతుంది. పాటను అందరికీ వదిలి, పేరును మాత్రం నిలపడం అసాధ్యమేమీ కాదన్నమాట.

ఆ కుర్రవాడికి నేను బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తుచేశాను. అన్ని కులాలవాళ్లూ వొకే చాప మీద కలిసి తిన్నారన్నది కథ. కూడు కలిసింది. కాని ఆ పంక్తిలో కూర్చున్న మాల కన్నమదాసు 'జనంలో వొకడు'గా మిగిలిపోలేదు. ఆ కథ ఎవరు పాడినా అతని పేరు పలకకుండా పాడలేరు. "అయితే నాట్లపాట పాడినవాళ్ల పేర్లు యిప్పుడెక్కడ దొరుకుతాయి సార్?" అన్నాడతను. మాచర్ల వైపు వాళ్ల వూళ్లో వాళ్ల నాయనమ్మ యింకా పాడుతుందట. ముందు ఆమె దగ్గర కూర్చుని, ఎవరి దగ్గర నేర్చుకున్నదో అడిగి రాసుకురమ్మన్నాను.