ఊరు మారితే విశ్వాసం మారుతుందా?

పెద్ద నగరాల్లో నివసించే ముస్లిం కుటుంబాల్లో ఈ మాట తరచూ వినబడుతూ ఉంటుంది: "ఇక్కడ పిల్లలు చెయ్యి దాటిపోతున్నారు. నమాజుకు తీరిక లేదు. పక్కింటివాడి ముఖం కూడా తెలియదు. ఎక్కడైనా చిన్న ఊరికి వెళ్ళిపోతే ధర్మం ప్రకారం బతకవచ్చు." ఉద్యోగరీత్యా మారుమూలకు వెళ్ళినవారి ఇళ్ళలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మాట వినిపిస్తుంది: "ఇక్కడ మస్జిద్ దూరం. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పేవారు లేరు. మంచిమాట చెప్పే పెద్దలు లేరు. మన ఈమాన్ ఎండిపోతుందేమో!"

ఈ రెండు మాటలూ వేర్వేరుగా కనిపించినా, రెంటి వెనుకా ఉన్న భావన ఒక్కటే. మన విశ్వాసం మనం ఉండే చోటును బట్టి ఉంటుందన్నదే ఆ భావన. ఇది ఎంతవరకు నిజం? ధర్మాన్ని కాపాడుకోవడానికి జనసమ్మర్దం నుండి దూరంగా పోవడం వివేకమా, లేక బాధ్యతల నుండి పారిపోవడమా? ఈ ప్రశ్నను ఖుర్ఆన్, హదీసుల వెలుగులో, సహాబాల జీవితాల ఆధారంగా పరిశీలిద్దాం.

చోటు ప్రభావం కాదనలేనిది

పరిసరాలు మనిషిని ప్రభావితం చేస్తాయన్న విషయాన్ని ఇస్లాం కాదనలేదు. తొంభైతొమ్మిది హత్యలు చేసి, ఆపైన మరొకటి కూడా చేసి పశ్చాత్తాపపడిన వ్యక్తి వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అతనికి దారి చూపిన పండితుడు తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పి ఊరుకోలేదు. నీ ఊరు చెడ్డ ఊరు, తిరిగి అక్కడికి పోవద్దు, అల్లాహ్‌ను ఆరాధించే మనుషులున్న ఫలానా ఊరికి వెళ్ళు అని సలహా ఇచ్చాడు. అతను దారిలోనే మరణించాడు. అయినా మంచి ఊరికి జానెడు దగ్గరగా ఉన్నందున కారుణ్య దూతలు అతని ఆత్మను తీసుకువెళ్ళారు.

అలాగని జనానికి దూరంగా ఉన్న ప్రతి చోటూ మంచిదే అనుకోవడానికి వీల్లేదు. ఎడారిలో నివాసం ఏర్పరచుకున్నవాని స్వభావం మొరటుదేలుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్, తిర్మిజీ). అక్కడ జ్ఞానులు ఉండరు, తప్పు చేస్తే సరిదిద్దేవారు ఉండరు, నలుగురితో మెలిగే మర్యాద అలవడదు. తౌబా సూరా 97వ ఆయత్‌లో ఎడారి అరబ్బుల కాఠిన్యం గురించి ప్రస్తావన ఉంది. కాని అదే సూరా 99వ ఆయత్‌లో, ఆ ఎడారి అరబ్బుల్లోనే అల్లాహ్‌నూ అంతిమ దినాన్నీ విశ్వసించి, తాము ఖర్చుపెట్టే దాన్ని దైవ సాన్నిధ్యానికి మార్గంగా చేసుకునేవారు కూడా ఉన్నారని అల్లాహ్ తెలిపాడు. ఇసుక ఒక్కటే, ఎండ ఒక్కటే, గుడారాలు ఒక్కటే. మనుషులు మాత్రం రెండు రకాలుగా తయారయ్యారు. అంటే చోటు మనిషిని ఒకవైపుకు నెట్టగలదే గాని, అతని తరఫున నిర్ణయం తీసుకోలేదన్నమాట.

రబజాలో అబూ జర్ (రజి)

మదీనా నుండి తూర్పు దిశగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో రబజా అనే చిన్న ఎడారి ఊరు ఉండేది. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనాకాలంలో దాని చుట్టుపక్కల నేలను ప్రత్యేక పచ్చిక మైదానంగా కేటాయించారు. తరువాతి కాలంలో కూఫా నుండి మక్కాకు వెళ్ళే హజ్ యాత్రికుల దారిలో అదొక మజిలీ అయింది. 1979 నుండి సౌదీ అరేబియాలోని కింగ్ సఊద్ విశ్వవిద్యాలయం వారు అక్కడ జరిపిన తవ్వకాల్లో ఇళ్ళు, మస్జిద్‌లు, నీటి తొట్లు బయటపడ్డాయి.

ఈ ఊరికే హజ్రత్ అబూ జర్ గిఫారీ (రజి) తరలివచ్చారు. అంతకుముందు ఆయన సిరియాలో ఉండేవారు. డమాస్కస్ ఆనాడు సిరియా రాష్ట్రానికి కేంద్రం. సంపద వచ్చిపడుతున్న నగరం. వెండి బంగారాలను కూడబెట్టి దైవమార్గంలో ఖర్చుపెట్టనివారిని హెచ్చరించే ఆయత్ (తౌబా 34) విషయంలో ఆయనకూ అక్కడి గవర్నరు హజ్రత్ ముఆవియా (రజి)కూ అభిప్రాయభేదం ఏర్పడింది. అది గ్రంథప్రజల గురించి అవతరించిందని ముఆవియా (రజి) అన్నారు. వారి గురించీ, మన గురించీ కూడా అన్నారు అబూ జర్ (రజి). సంగతి ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దాకా వెళ్ళింది. ఆయన అబూ జర్‌ను మదీనాకు పిలిపించారు. మదీనాలో జనం ఆయన చుట్టూ గుంపులుగా మూగసాగారు. అప్పుడు ఉస్మాన్ (రజి), మీకు ఇష్టమైతే కాస్త ఎడంగా, మాకు దగ్గరలోనే ఉండండని సూచించారు. తాను రబజాకు రావడానికి ఇదే కారణమని అబూ జర్ (రజి) స్వయంగా చెప్పిన మాట బుఖారీలో నమోదై ఉంది. ఒక హబషీని నాపై నాయకునిగా నియమించినా నేను విని విధేయత చూపుతానని కూడా ఆయన ఆ సందర్భంలోనే అన్నారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తన మాట నిజమని నమ్మిన మనిషి, నగరం విడిచి ఎడారి ఊరికి రావలసివచ్చిన మనిషి, మిగిలిన రోజులన్నీ మనసులో కక్షను పెంచుకుంటూ గడపవచ్చు. కాని రబజా నుండి మనకు చేరిన హదీసులు మరో చిత్రాన్ని చూపిస్తున్నాయి. ఆయన రబజా చేరేసరికి నమాజుకు వేళయింది. ఇమామత్ చేస్తున్న వ్యక్తి ఒక బానిస. వచ్చినవారు అబూ జర్ అని తెలిసి అతను వెనక్కి తగ్గబోయాడు. అబూ జర్ (రజి) మాత్రం ప్రవక్త (స) తనకు చేసిన ఉపదేశాన్ని గుర్తుచేసి, అతని వెనుకనే నిలబడ్డారు. మరో సందర్భంలో ఒక తాబయీ రబజాలో ఆయన్ను కలిశారు. అబూ జర్ ఒంటి మీద ఎలాంటి దుస్తులున్నాయో ఆయన సేవకుని ఒంటి మీద కూడా అలాంటివే ఉన్నాయి. కారణం అడిగితే, ఒకప్పుడు తాను ఒక మనిషిని అతని తల్లి పేరుతో ఎత్తిపొడిచినందుకు ప్రవక్త (స) మందలించిన సంగతి చెప్పారు. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులు, మీరు తినేదే వారికి తినిపించండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి అన్న బోధనను వినిపించారు (బుఖారీ).

నగరంలో వేలమందికి చెప్పిన మాటను ఎడారి ఊరిలో ఒక్క సేవకుని విషయంలో ఆచరించి చూపారు. వినేవారు తగ్గారని ఆచరణ తగ్గలేదు. హిజ్రీ 32లో ఆయన అక్కడే మరణించారు. కూఫా వైపు నుండి వస్తున్న బాటసారుల బృందంలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఆయన జనాజా నమాజు చేయించారని చరిత్రకారులు పేర్కొన్నారు.

ఒక నిందారోపణ, ఒక జవాబు

అదే రబజాకు తరలివెళ్ళిన మరో సహాబీ హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి). ఉస్మాన్ (రజి) హత్య జరిగి ముస్లిముల మధ్య కల్లోలం రేగినప్పుడు ఆయన మదీనా వదలి రబజా వెళ్ళారు. అక్కడే వివాహం చేసుకున్నారు, పిల్లలు కలిగారు. మరణానికి కొద్ది రోజుల ముందే మదీనాకు తిరిగివచ్చారు. ఒకసారి హజ్జాజ్ ఆయన్ను, వెనుదిరిగి మళ్ళీ ఎడారివాసివి అయిపోయావా అని ఎత్తిపొడిచాడు. లేదు, ఎడారిలో ఉండేందుకు దైవప్రవక్త (స) నాకు అనుమతి ఇచ్చారని సలమా (రజి) జవాబిచ్చారు (బుఖారీ).

హజ్జాజ్ మాటలో నింద ఎందుకుంది? హిజ్రత్ చేసిన తర్వాత తిరిగి ఎడారి జీవితానికి వెళ్ళిపోవడం పెద్ద పాపంగా పరిగణించబడేది. ఎందుకంటే అలా వెళ్ళినవాడు ముస్లిం సమాజానికి తన అవసరం ఉన్న వేళ తన వంతు భారాన్ని ఇతరుల మీద పడేసి పోయినట్లే. సలమా (రజి) జవాబు గమనించండి. అక్కడ గాలి బాగుందనో, ప్రశాంతంగా ఉందనో ఆయన చెప్పలేదు. ధర్మం నాకు అనుమతించింది అన్నారు. ఊరు మారే ప్రతి విశ్వాసీ ముందుగా చూసుకోవలసింది ఇదే. మనసు లాగుతోందా అన్నది తర్వాతి ప్రశ్న. ధర్మం అనుమతిస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

దేన్ని వదిలి వెళుతున్నాం?

ఉపద్రవాల కాలంలో ఒక ముస్లిం తన ధర్మాన్ని కాపాడుకోవడానికి గొర్రెల మందతో కొండ శిఖరాలకు, వానపడే చోట్లకు వెళ్ళిపోయే రోజు వస్తుందని ప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ). ప్రజల్లో కలసిమెలసి ఉంటూ వారి వల్ల కలిగే బాధలను ఓర్చుకునే విశ్వాసి, అలా కలవకుండా ఓర్చుకోకుండా ఉండేవానికన్నా గొప్పవాడని కూడా ఆయనే చెప్పారు (తిర్మిజీ, ఇబ్నెమాజా). ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. రెండు పరిస్థితులకు చెందిన రెండు మార్గదర్శకాలు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) హిజ్రీ 488లో (క్రీ.శ. 1095) బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో గొప్ప పదవిని వదిలిపెట్టి వెళ్ళిపోయారు. పదేళ్ళకు పైగా బోధనకు దూరంగా గడిపి, తర్వాత నిషాపూర్‌లో మళ్ళీ బోధన చేపట్టారు. తమ 'ఇహ్యా' గ్రంథంలో ఏకాంతవాసం గురించి ఒక ప్రత్యేక భాగమే రాశారు. అందులో ఏకాంతం వల్ల పరోక్షనింద, ప్రదర్శనాబుద్ధి వంటి పాపాల నుండి రక్షణ లభిస్తుందని చెబుతూనే, దానివల్ల చేజారిపోయే వాటిని కూడా లెక్కించారు. నేర్చుకోవడం, నేర్పడం, రోగుల పరామర్శ, జనాజాలో పాల్గొనడం, ఇతరుల హక్కులు నెరవేర్చడం ద్వారా దొరికే పుణ్యం మొదలైనవన్నీ పోతాయి. అందుకే అందరికీ ఒకే తీర్పు చెల్లదన్నారు.

మరి వెళ్ళేది హిజ్రత్ లాంటిదో, పారిపోవడమో సామాన్యుడు ఎలా తెలుసుకోవాలి? ఎక్కడికి వెళుతున్నామన్నది కాదు, దేన్ని వదిలి వెళుతున్నామో చూసుకోవాలి. వడ్డీ లావాదేవీలు, హరామ్ సంపాదన, చెడు సహవాసం వెనుక మిగిలిపోతుంటే అది శుభప్రయాణం. ముసలి తల్లిదండ్రుల సేవ, తీర్చని అప్పు, తెగిన బంధుత్వం, తన మీద ఆధారపడిన మస్జిద్ పని వెనుక మిగిలిపోతుంటే మాత్రం, పైకి ఎంత ధార్మికంగా కనిపించినా అది పారిపోవడమే. పాపాన్ని వదిలి పోవచ్చు, కాని ఒకరి హక్కును వదిలి పోరాదు.

ఇంకో విషయం. నగరంలో తనను చెడగొట్టింది నగరమేనని అనుకునేవాడు తన మనసును కూడా వెంటబెట్టుకుని పోతాడు. బజారు దూరమైతే కంటి పాపం తగ్గవచ్చు. కాని అసూయ, అహంకారం, సోమరితనం సామానుతోపాటే కొత్త ఇంట్లో దిగుతాయి.

తప్పక వెళ్ళినవారికి

తెలుగు ప్రాంతాల నుండి ఎందరో సోదరులు ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అందరికీ పెద్ద నగరాల్లోనే పని దొరకదు. హైదరాబాదు వంటి నగరంలో పుట్టి పెరిగినవాడు, చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేని చిన్న ఊరిలో ఏళ్ళ తరబడి ఉండవలసి వస్తుంది. ఇది వారు కోరుకున్న ఏకాంతం కాదు. అలాంటివారికి హదీసుల్లో గొప్ప ఊరట ఉంది.

ఒక ఎడారివాసి హిజ్రత్ గురించి అడిగినప్పుడు ప్రవక్త (స), అది కష్టమైన పని అని చెప్పి, నీ ఒంటెల జకాత్ చెల్లిస్తున్నావా అని అడిగారు. అవునన్నాడతను. అయితే సముద్రాల ఆవలనున్నా సత్కార్యాలు చేస్తూ ఉండు, అల్లాహ్ నీ కర్మల్లో దేన్నీ తగ్గించడని అభయమిచ్చారు (బుఖారీ). గొర్రెలతో ఎడారిలో ఉన్నప్పుడు అజాన్ గొంతెత్తి పలకమని, దాన్ని విన్న ప్రతిదీ ప్రళయదినాన సాక్ష్యమిస్తుందని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఒకరికి ఉపదేశించారు. ఇది తాను ప్రవక్త (స) నోట విన్నదని చెప్పారు (బుఖారీ).

అయితే ఊరటతోపాటు బాధ్యత కూడా ఉంది. ముగ్గురున్న చోట జమాఅత్ లేకపోతే షైతాన్ వారిపై పైచేయి సాధిస్తాడని, మంద నుండి విడిపోయిన గొర్రెనే తోడేలు తింటుందని హదీసు (అబూ దావూద్). కాబట్టి కొత్త ఊరిలో అడుగుపెట్టగానే గది, జీతం సంగతితోపాటు నమాజుకు తోడెవరో వెదుక్కోవాలి. ఒకే గదిలో నలుగురుంటే వారే ఒక జమాఅత్. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (స) ఉపదేశించింది కూడా అబూ జర్ (రజి)కే (ముస్లిం). ఇక స్వగ్రామంలో ఎదురుచూస్తున్న భార్యాబిడ్డల హక్కు డబ్బు పంపడంతో తీరిపోదు. వారి బాగోగులు విచారించడం, పిల్లల శిక్షణ పట్టించుకోవడం, వీలైనంత త్వరగా వచ్చి చూడటం కూడా ఆ హక్కులోనివే.

మక్కా కూడా మొదట ఎడారే

పంటలు పండని ఒక లోయలో తన సంతానాన్ని ఉంచినప్పుడు హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) చేసిన దుఆ ఇబ్రాహీమ్ సూరా 37వ ఆయత్‌లో ఉంది. ప్రజల హృదయాలను వారి వైపు మళ్ళించమని, వారికి ఫలాలు ప్రసాదించమని ఆయన వేడుకున్నారు. కాని వారిని అక్కడ ఉంచడానికి ఆయన చెప్పిన కారణం, వారు నమాజును స్థాపించాలన్నదే. హాజిరా (అలై) కూడా, ఇది అల్లాహ్ ఆజ్ఞయేనా అని ఒక్కమాటే అడిగారు. అవునని తెలిశాక, అయితే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడు అన్నారు (బుఖారీ). ఆ ఎడారి లోయే నేడు ప్రపంచ ముస్లిములందరూ ముఖం తిప్పే దిశ అయింది.

నీవు ఎక్కడున్నా అల్లాహ్‌కు భయపడు, చెడు జరిగితే వెంటనే మంచి చెయ్యి, ప్రజలతో సత్ప్రవర్తనతో మెలుగు అన్న ప్రసిద్ధ హదీసును (తిర్మిజీ) మనకు అందించినవారు కూడా హజ్రత్ అబూ జర్ (రజి)యే. డమాస్కస్‌లో, మదీనాలో, రబజాలో మూడు చోట్లా ఆయనతోపాటు ఉన్నది ఈ మాటే. ఇల్లు మారేముందు మనమూ దీన్ని మన మూటలో ఉంచుకున్నామా లేదా చూసుకోవాలి. అది ఉంటే నగరపు రద్దీలోనూ మనిషి ఒంటరిగా అల్లాహ్‌ను తలచుకోగలడు, ఎడారి ఊరిలోనూ తోటివారికి తోడుగా నిలవగలడు.

మనం ఎక్కడున్నా తనకు భయపడుతూ, తన దాసుల హక్కులు నెరవేరుస్తూ జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.