ఆగని బండిని నమ్మడమెలా?

పోటీల కాలం మొదలయ్యే ముందు రేసింగ్ కార్లను పరీక్షించే జట్లు రెండు సంగతులు తేల్చుకోవాలనుకుంటాయి: కారు ఎంత వేగంగా పోగలదు, ఎంత దూరం చెడిపోకుండా పోగలదు. వేగమూ విశ్వసనీయతా ఒకే యంత్రానికి చెందిన రెండు గుణాలుగా కనిపించినా, వాటిని తెలుసుకునే దారులు మాత్రం ఒకటి కావు. వేగాన్ని ఒక్క చుట్టులో గడియారం చూపిస్తుంది, కనుక అది ప్రత్యక్షం. విశ్వసనీయత ఏ చుట్టులోనూ కంటపడదు, ఎందుకంటే అది జరిగినదాని పేరు కాదు, ఇకమీదట జరగకూడనిది జరగదన్న నిశ్చయానికి పేరు. అటువంటి నిశ్చయం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందన్నది భారతీయ ప్రమాణశాస్త్రం, అంటే జ్ఞానం ఎలా కలుగుతుంది, అది నిజమని ఎలా తెలుస్తుంది అని విచారించే శాస్త్రం, శతాబ్దాల పాటు వాదించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు తగిన చోటు ఖరగ్‌పూర్. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో మొదలైన అక్కడి ఐఐటీలో 2008 నుంచి ఖరగ్‌పూర్ ఆటోమొబైల్ రేసింగ్ టీమ్ అనే విద్యార్థుల జట్టు ఫార్ములా తరహా కార్లను స్వయంగా రూపొందిస్తోంది. ఇటువంటి విద్యార్థి పోటీల్లో 75 మీటర్ల త్వరణ పరీక్ష కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఎండ్యూరెన్స్ అనే దీర్ఘ పరుగు మాత్రం దాదాపు 22 కిలోమీటర్లు సాగుతుంది, మధ్యలో కారు ఆపి డ్రైవరు మారాలి, ఆపిన ఇంజను మళ్లీ అందుకోవాలి. అన్ని అంశాల్లోనూ ఎక్కువ మార్కులు ఈ ఒక్క పరుగుకే కేటాయించడాన్ని బట్టి నిబంధనలు రాసినవారు దేనికి విలువ ఇచ్చారో తెలుస్తుంది.

ఒక జ్ఞానం నిజమని ఎలా తేలుతుందన్న ప్రశ్నకు ప్రమాణశాస్త్రంలో మీమాంసకులు స్వతఃప్రామాణ్యం చెప్పారు: కలిగిన జ్ఞానం తనంతట తానే ప్రమాణం, దాన్ని కొట్టివేసే బాధకజ్ఞానం ఎదురయ్యేదాకా శంకించే పని లేదు. నైయాయికులు పరతఃప్రామాణ్యం చెప్పారు: దూరాన నీరు కనిపించిందన్న జ్ఞానం నిజమో కాదో వెళ్లి తాగితే, దప్పిక తీరితే తేలుతుంది, అంటే సఫలమైన ప్రవృత్తి వల్ల బయటినుంచి తేలుతుంది. కారు ఇంతవరకు ఆగలేదు కనుక బాగున్నట్టే అనుకునే జట్టు, తెలియకుండానే, మొదటి మతానికి చెందుతుంది. దాన్ని కావాలని కష్టపెట్టి, ఎక్కడ విరుగుతుందో వెతికే జట్టు రెండోదానికి చెందుతుంది. పరీక్షాకాలంలో రెండోదే సరైన మార్గం, ఎందుకంటే బాధకం దానంతట అది వచ్చేదాకా ఆగితే అది సాధారణంగా పోటీ రోజునే వస్తుంది.

వెతకడంలోనూ ఒక చిక్కుంది. తెలుగునాట పుట్టిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వివరించిన ఉపాధి అనే దోషం ఇక్కడ అడుగడుగునా ఎదురవుతుంది. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనుకోవడం పొరపాటు, పొగకు తడి కట్టెల సంయోగం కూడా కావాలి. అలా లెక్కలోకి రాకుండా దాగిన నిబంధనే ఉపాధి. 2009లో బ్రాన్ జట్టు ఫార్ములా వన్ పరీక్షల్లో చూపిన వేగాన్ని పలువురు నమ్మలేదు, తక్కువ ఇంధనంతో తేలిక చేసిన కారు కాబోలునని శంకించారు. ఆ శంక శాస్త్రసమ్మతమే అయినా ఆ ఉపాధి అక్కడ లేదు, ఆ ఏటి రెండు ప్రపంచ టైటిళ్లూ ఆ జట్టువే అయ్యాయి. 2014లో హెరెజ్ పరీక్షల నాలుగు రోజుల్లో రెడ్‌బుల్ కారు 21 చుట్లకు మించి తిరగలేకపోయింది, అయినా ఆ ఏడాది ఆ జట్టు డ్రైవరు రికియార్డో మూడు రేసులు గెలిచాడు. వైఫల్యం చూసి చేసిన అనుమానానికి, అంటే హేతువును బట్టి కట్టిన నిర్ణయానికి, కూడా ఉపాధి ఉంటుందన్నమాట: ఆ కొత్త యంత్రపు లోపాలు సరిదిద్దడానికి వీలున్నవి.

ఎన్ని చుట్లు తిరిగితే చాలు? ఒక పరీక్షను నిరూపించడానికి మరో పరీక్ష, దానికి మరొకటి కావాలంటే అనవస్థ, అంటే అంతులేని వెనకడుగు, తప్పదని మీమాంసకులు ఆక్షేపించారు. శంక కూడా అనంతం కాదని, మనిషి ఆచరణే దాన్ని కాదనే వ్యాఘాతం దగ్గర అది ఆగుతుందని నైయాయికుడైన ఉదయనుడు అన్నాడు. రైల్వేలు ఈ సమస్యను గడువులతో పరిష్కరించాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వెలసి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కార్మికుల తరాలను పోషించిన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, బాగా నడుస్తున్న బోగీని కూడా నిర్ణీతకాలం కాగానే విప్పి చూస్తారు. దీన్ని పీఓహెచ్, అంటే నియతకాలిక పూర్తి మరమ్మతు, అంటారు. ఏ లోపమూ కనిపించకపోవడాన్ని చాలినంత సాక్ష్యంగా ఒప్పుకోని ఈ పద్ధతి వ్యవస్థగా మారిన సంశయం.

అదే బోగీలో ఎక్కే ప్రయాణికుడు మాత్రం ఏదీ విప్పి చూడడు, చూడలేడు కూడా. రెండో సగంలో స్టీరింగు అందుకునే విద్యార్థి డ్రైవరు స్థితీ అదే. వీరికి విశ్వసనీయత గురించిన నిశ్చయం ప్రత్యక్షం వల్ల రాదు, అనుమానం వల్ల రాదు. శబ్దప్రమాణం వల్ల, అంటే ఆప్తుని మాట వల్ల వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని అన్నంభట్టు నిర్వచనం. కాబట్టి పరీక్షలో చీలిన భాగాన్ని చెప్పకుండా మార్చేసిన జట్టు కారుకు ఎంత మేలు చేసినా, డ్రైవరుకున్న ఏకైక ప్రమాణాన్ని తీసేసినట్టే. పరీక్షలో కొలవవలసింది యంత్రాన్నే అన్న అభిప్రాయం ఇక్కడ నిలవదు, దాన్ని గురించి మాట్లాడే మనుషుల మాటను కూడా అది కొలుస్తుంది. పీఓహెచ్ ముగిసిన బోగీ మీద తేదీని, చేసిన వర్క్‌షాపు సంకేతాన్ని రాస్తారు. ఆ రాతను చదవని ప్రయాణికులు కూడా, ఖరగ్‌పూర్ దాటి ప్రయాణమంతా, రాసినవాడి మాట మీదనే కూర్చుని ఉంటారు.